అరనిమిషం చూపు... మూడు వారాల వాదులాట

టూర్ డి ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కేది నూట ఎనభై మంది పైచిలుకు. ఎవరు గెలుస్తారని దారి పొడవునా వాదించుకునేది లక్షల మంది. ఆ వాదనలో లెక్క ఒకరి వైపు ఉంటే, మనసు చాలాసార్లు ఇంకొకరి వైపు ఉంటుంది.

1964 జులై 12, ఆదివారం. ఫ్రాన్స్ నడిమధ్యన, క్లెర్మాన్-ఫెరాన్ నగరం పక్కన పుయి ద డోమ్ అనే కొండ ఉంది. వేల ఏళ్ల కిందట చల్లారిపోయిన అగ్నిపర్వతం. దాన్ని చుట్టుకుంటూ పైకి పోయే దారిలో ఇద్దరు సైకిల్ తొక్కుతున్నారు. కొండవైపు జాక్ ఆంకెతీల్, లోయవైపు రేమండ్ పూలిడోర్. ఒకరి వెనక ఒకరు కాదు, పక్కపక్కనే. నడిచి ఎక్కినా ఆయాసం వచ్చే ఏటవాలు అది. ఒక చోట భుజాలు రాసుకున్నాయి, మోచేతులు తగిలాయి. అప్పుడు తీసిన ఫొటో ఫ్రెంచి క్రీడా చరిత్రలో అందరికీ గుర్తున్న బొమ్మల్లో ఒకటిగా నిలిచిపోయింది.

ఆ ఫొటో చూసిన ప్రతిసారీ నా ఆలోచన వాళ్లిద్దరినీ దాటి దారి పక్క జనం మీదికి పోతుంది. లక్షల్లో వచ్చారు ఆ రోజు. ఇంటి నుంచి తెచ్చుకున్నది తిని, రేడియో చుట్టూ చేరి, గంటల తరబడి ఎదురుచూశారు. ఎదురుచూసినంతసేపూ నోటికి ఒకటే పని. ఆంకెతీలా, పూలిడోరా?

ఆ వేసవిలో ఫ్రాన్స్ ఈ రెండు పేర్ల మీదే రెండుగా చీలింది. ఆంకెతీల్ అప్పటికే నాలుగు టూర్లు గెలిచినవాడు. ఒంటరిగా గడియారంతో పోటీపడి తొక్కే టైమ్ ట్రయల్‌లో అతనికి సాటి లేదు. అక్కడ సంపాదించిన నిమిషాలను కొండల మీద పొదుపుగా ఖర్చు చేస్తూ పారిస్ చేరేవాడు. గెలుపు మీద గెలుపు వస్తున్నా జనం మనసు కరగలేదు. ఈలలు వేసి గేలి చేసిన రోజులూ ఉన్నాయి. పూలిడోర్ లిమూజాన్ ప్రాంతంలో కౌలు రైతుల బిడ్డ. మాట నెమ్మది, ముఖంలో అలసట, దురదృష్టం తోడబుట్టినట్టు వెంటే ఉండేది. ‘పూపూ’ అని ముద్దుపేరు పెట్టుకుని దేశమంతా అతన్ని ఇంటి మనిషిని చేసుకుంది.

ఆ ఏడాది లెక్క ఎలా నడిచిందో చూడండి. మొనాకోలో తొమ్మిదో దశ స్టేడియం ట్రాకు మీద ముగిసింది. పూలిడోర్ ప్రాణం పెట్టి తొక్కి గీత దాటాడు, అయిపోయిందనుకున్నాడు. ఇంకో చుట్టు మిగిలే ఉంది. ఆ చుట్టులో ఆంకెతీల్ గెలిచి, దశ విజేతకిచ్చే నిమిషం బోనస్ పట్టుకుపోయాడు. తర్వాత అండోరాలో విశ్రాంతి రోజు వచ్చింది. అంతకుముందే బెలీన్ అనే జ్యోతిషుడు 14వ దశలో ఆంకెతీల్‌కి ప్రాణగండం ఉందని చెప్పాడు, అది పత్రికలకెక్కింది. ఆంకెతీల్‌కి గుబులు పట్టుకుంది. మిగతావాళ్లు కాళ్లు బిగుసుకుపోకుండా కాసేపు సైకిల్ తొక్కి వస్తే, అతను విందుకెళ్లి కాల్చిన గొర్రెమాంసం తిన్నాడు. మర్నాడు ఆన్వలీరా కనుమ ఎక్కలేక నిమిషాల కొద్దీ వెనకబడ్డాడు. పైకి చేరాక దట్టమైన మంచులో ప్రాణాలకు తెగించి కిందికి దిగి, ముందున్నవాళ్లను మళ్లీ అందుకున్నాడు. అదే రోజు పూలిడోర్ చక్రం చువ్వలు విరిగాయి. సైకిల్ మార్చాక మెకానిక్ తోసిన తోపుకి కింద పడ్డాడు. రెండున్నర నిమిషాలు పోయాయి. గండం ఒకరికి చెబితే దెబ్బ ఇంకొకరికి తగిలింది.

అలా పుయి ద డోమ్ కిందికి వచ్చేసరికి పసుపు జెర్సీ ఆంకెతీల్ ఒంటి మీద ఉంది, పూలిడోర్ 56 సెకన్లు వెనక ఉన్నాడు. ఆంకెతీల్ ఒంట్లో సత్తువ దాదాపు అయిపోయింది. వెనక నక్కితే ఆ సంగతి పూలిడోర్‌కి తెలిసిపోతుంది. అందుకే పక్కకి వచ్చి, తనకేమీ కానట్టు తొక్కాడు. పూలిడోర్ నమ్మాడు. చివరి కిలోమీటరులో గానీ అతను దూకలేదు. దూకాక 42 సెకన్లు సంపాదించాడు. అంటే తేడా 14 సెకన్లకు దిగింది. పారిస్‌లో ముగిసిన చివరి టైమ్ ట్రయల్‌లో ఆంకెతీల్ మళ్లీ గెలిచి, అయిదో టూర్‌ని 55 సెకన్ల తేడాతో దక్కించుకున్నాడు. మొనాకోలో పోయిన బోనస్ ఒక నిమిషం. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని ఫ్రాన్స్‌లో ఒక తరం మొత్తం మాట్లాడుకుంది.

పూలిడోర్ 14 టూర్లు తొక్కాడు. మూడుసార్లు రెండో స్థానం, అయిదుసార్లు మూడో స్థానం. పసుపు జెర్సీ ఒక్క రోజు కూడా వేసుకోలేదు. 2019 నవంబర్‌లో అతను చనిపోయే నాటికీ ఫ్రాన్స్‌లో అతనంత ఆదరణ ఉన్న సైకిల్ రైడర్ లేడనే అంటాను. ఎవరు గెలుస్తారు అనే ప్రశ్నకి జవాబు ఆంకెతీల్ అని అభిమానులకు తెలుసు. ఎవరు గెలవాలి అనేది వేరే ప్రశ్న. సైకిల్ రేసు గురించి జరిగే ప్రతి వాదనలోనూ ఈ రెండు ప్రశ్నలూ పెనవేసుకునే ఉంటాయి. వాటిని విడదీయాలని ప్రయత్నించేవాళ్లు చాలా పోగొట్టుకుంటారు.

పేపరు కోసం పుట్టిన రేసు

మిగతా ఆటల్లో అభిమానికి ఒక స్టేడియం ఉంటుంది, కుర్చీ ఉంటుంది, మొదటి నుంచి చివరిదాకా ఆట కళ్ల ముందే జరుగుతుంది. ఇక్కడ అలా కాదు. చదునైన దారిలో గుంపు మొత్తం ఒక మనిషి ముందు నుంచి దూసుకుపోవడానికి అరనిమిషం చాలు. చక్రాల హోరు, రంగురంగుల మెరుపు, వెనక కార్ల వరస, అంతే. మిగతా రేసునంతా మాటల్లో కట్టుకోవాల్సిందే.

ఈ రేసు పుట్టుకే అలాంటిది. 1902 చివర్లో పారిస్‌లో ‘లోటో’ అనే క్రీడా పత్రిక ప్రత్యర్థి పత్రిక ‘లె వెలో’తో పోటీలో నలిగిపోతోంది. జియో లెఫెవ్ర్ అనే కుర్ర విలేఖరి దేశం చుట్టూ సైకిల్ రేసు పెడదామన్నాడు. సంపాదకుడు ఆన్రీ డెగ్రాంజ్ తటపటాయించినా చివరికి ఒప్పుకున్నాడు. 1903 జులై 1న పారిస్ శివార్లలోని మోంజెరాన్‌లో ఒక కెఫే ముందు నుంచి 60 మంది బయల్దేరారు. చివరిదాకా వచ్చింది 21 మంది. మోరిస్ గారిన్ రెండో మనిషి కంటే దాదాపు మూడు గంటలు ముందు వచ్చి గెలిచాడు. పత్రిక అమ్మకాలు పాతిక వేల నుంచి అరవై అయిదు వేలకు పెరిగాయి. మరుసటి ఏడాదికి ప్రత్యర్థి పత్రిక మూతపడింది. లోటో అచ్చయ్యేది పసుపు కాగితం మీద. 1919 నుంచి అందరికంటే ముందున్న రైడర్ వేసుకునే జెర్సీకి ఆ రంగే వచ్చింది.

వార్తాపత్రికల్లో పనిచేసేవాళ్లకి ఈ కథ ఎప్పుడూ ఒళ్లు పులకరింపజేస్తుంది. ఊరివాళ్లు తమ వీధిలోంచి పోయిన రేసుని ఒక్క నిమిషం చూశారు. మిగతా రెండు వేల పైచిలుకు కిలోమీటర్లలో ఏం జరిగిందో మర్నాడు పేపర్లో చదివారు. చదివి, కెఫేలో కూర్చుని గారిన్ గొప్పా ఇంకొకరు గొప్పా అని గొంతు చించుకున్నారు. మన ఊళ్లలో రచ్చబండ దగ్గర పేపరు ఒకరు పైకి చదువుతుంటే పదిమంది వాదించుకున్నట్టే. వాదించుకోవడానికి మర్నాడు మళ్లీ పేపరు కొన్నారు. రేసు మొదలైన రోజు నుంచే ఆ వాదన అందులో ఒక భాగం.

ఇప్పటికీ పెద్ద కొండల మీద రేసు రావడానికి రెండు మూడు రోజుల ముందే క్యాంపర్ వ్యాన్లు వచ్చి దిగుతాయి. మడత కుర్చీలు, గ్యాస్ పొయ్యి, తాళ్లకు ఆరేసిన బట్టలు. చీకటి పడ్డాక రంగు డబ్బా, రోలర్ తీసుకుని తారురోడ్డు మీద అభిమాన రైడర్ పేరు మనిషి ఎత్తు అక్షరాలతో రాస్తారు. ఆల్ప్ డ్యూజ్ కొండ దారిలో 21 మలుపులు ఉంటాయి. ఏడో నంబరు మలుపు మొత్తం నారింజ రంగులో మునిగిపోతుంది. ఆ కొండ మీద ముగిసిన మొదటి 14 దశల్లో 8 నెదర్లాండ్స్ రైడర్లు గెలిచారు. ఆ అభిమానంతో వచ్చినవాళ్లు ఆ మలుపుని తమ సొంతం చేసుకున్నారు. రేసుకి రెండు గంటల ముందు ప్రచార వాహనాల ఊరేగింపు వచ్చి టోపీలూ చిరుతిళ్లూ విసిరిపోతుంది. 1930 నుంచి ఉన్న ఆనవాయితీ అది. ఊరేగింపు పోయాక మళ్లీ నిరీక్షణ, మళ్లీ వాదన.

వేళ్ల మీద లెక్క

దేని గురించి వాదిస్తారు? 21 దశలు, మధ్యలో రెండు రోజుల విశ్రాంతి, మొత్తం మూడు వేల నాలుగు వందల కిలోమీటర్లు అటూఇటూ. అన్ని దశల సమయమూ కలిపితే ఎవరిది తక్కువో వాళ్లే విజేత. ఒక్క దశ కూడా గెలవకుండా టూర్ గెలవొచ్చు. 1990లో గ్రెగ్ లెమండ్, 2017లో క్రిస్ ఫ్రూమ్ అలాగే గెలిచారు. అందుకే ఎవరు బలవంతుడు అన్నదానికంటే ఎవరు ఎక్కడ ఎంత పోగొట్టుకుంటారు అన్నదే అసలు చర్చ.

ఒకడు కొండ మీద లేడిలా ఎక్కుతాడు, కానీ టైమ్ ట్రయల్‌లో కిలోమీటరుకి రెండు సెకన్లు చొప్పున పోగొట్టుకుంటాడు. ఇంకొకడు అన్నిట్లోనూ బాగుంటాడు, మూడో వారంలో ఒక రోజు ఉన్నట్టుండి కూలబడతాడు. మరొకడికి కాళ్లున్నాయి, జట్టు లేదు. ముందు తొక్కే మనిషి గాలిని చీలుస్తుంటే వెనకవాడికి శ్రమలో మూడో వంతు దాకా కలిసొస్తుంది. అందుకే జట్టులో ఎనిమిది మందిలో ఏడుగురు నాయకుడి కోసం గాలికి ఎదురు నిలబడతారు, నీళ్ల సీసాలు మోస్తారు, అవసరమైతే తమ చక్రం ఊడదీసి ఇస్తారు. సముద్రం దగ్గరి మైదానాల్లో పక్కగాలి వీచిందా, గుంపు ముక్కలు ముక్కలవుతుంది. కొండ కనబడకుండానే, మధ్యాహ్నం వేళ పొలాల నడుమ, ఎవరూ ఊహించని చోట ఒక పెద్ద పేరు నిమిషంన్నర పోగొట్టుకుంటుంది. రేసు తెలిసిన అభిమాని ఉదయం చూసేది రైడర్ల ముఖాల్ని కాదు, జెండాలు ఎటు ఎగురుతున్నాయో చూస్తాడు.

ఇన్ని లెక్కలు వేసినా, ఒక్కోసారి రేసు మొదలవకముందే అన్నీ తారుమారవుతాయి. 1989 జులై 1, లక్సెంబర్గ్. ముందు ఏడాది విజేత, స్పెయిన్ రైడర్ పెడ్రో డెల్గాడో మీదే అందరి కళ్లూ. మొదటి రోజు చిన్న టైమ్ ట్రయల్. అతని వంతు వచ్చింది, గడియారం మొదలైంది, అతను మాత్రం లేడు. ఒళ్లు వేడెక్కించుకోవడానికి అటుగా వెళ్లి, 2 నిమిషాల 40 సెకన్లు ఆలస్యంగా వచ్చాడు. పోయిన సమయం పోయినట్టే. మూడు వారాల తర్వాత డెల్గాడో మొదటి స్థానానికి 3 నిమిషాల 34 సెకన్ల దూరంలో మూడోవాడిగా ముగించాడు. ఆ రోజు వేళకి వచ్చి ఉంటే, అని స్పెయిన్‌లో ఇప్పటికీ నిట్టూరుస్తారు.

ఆ 1989 టూర్ కంటే గొప్ప రేసు ఇంకోటి జరగలేదని నా నమ్మకం. రెండేళ్ల కిందట వేటలో పొరపాటున తుపాకీ దెబ్బ తిని, ఒంట్లో ఇంకా సీసం గుళ్లు మోస్తున్న అమెరికన్ లెమండ్ ఒకవైపు. రెండుసార్లు టూర్ గెలిచి, మడమ స్నాయువు దెబ్బతో కిందికి జారి, మళ్లీ లేచిన పారిస్ మనిషి లారాన్ ఫిన్యోన్ ఇంకోవైపు. పసుపు జెర్సీ ఇద్దరి మధ్యా ఇటూ అటూ చేతులు మారింది. ఆఖరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. ఫిన్యోన్ 50 సెకన్లు ముందున్నాడు. అంటే లెమండ్ కిలోమీటరుకి రెండు సెకన్లు చొప్పున లాక్కోవాలి. అంత చిన్న దూరంలో అది అయ్యే పని కాదని పండితులూ పామరులూ ఒక్క మాట మీద ఉన్నారు.

లెమండ్ తన హ్యాండిల్‌కి ట్రయాథ్లాన్ వాళ్లు వాడే పొడవాటి కడ్డీలు బిగించాడు. చేతులు ముందుకి చాచి, వీపు వంచి, గాలికి అడ్డం తగ్గించుకున్నాడు. మధ్యలో ఎంత సమయం అయిందో తనకి చెప్పొద్దన్నాడు. గంటకి 54.5 కిలోమీటర్ల వేగంతో వచ్చాడు. ఫిన్యోన్ మామూలు హ్యాండిల్‌తో, తలకి ఏమీ లేకుండా, వెనక జుట్టు పిలక గాలికి ఎగురుతుండగా వచ్చాడు. జీను ఒరుసుకుని పుండు పడి, కూర్చోవడమే నరకంగా ఉంది అతనికి. గీత దాటి కింద కూలిపోయాడు. లెమండ్ లాక్కున్నది 58 సెకన్లు. 87 గంటల పైన తొక్కిన రేసులో తేడా 8 సెకన్లు. టూర్ చరిత్రలో పురుషుల విభాగంలో అంత తక్కువ తేడా మళ్లీ రాలేదు. 2010లో క్యాన్సర్‌తో పోయేదాకా ఫిన్యోన్‌ని జనం ఆ 8 సెకన్లతోనే గుర్తుపట్టారు. అతను గెలిచిన రెండు టూర్ల గురించి అడిగినవాళ్లు తక్కువ. అభిమానుల మాట మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే. ప్రేమించినవాళ్లను కూడా అది ఒక అంకెకి కట్టేస్తుంది.

మూడో గడి

2020 సెప్టెంబర్‌లో కూడా ఇలాగే టైమ్ ట్రయల్‌లో అంతా తారుమారైంది. స్లొవేనియా జనాభా ఇరవై లక్షల పైచిలుకు. ఆ చిన్న దేశం నుంచే ఇద్దరు రైడర్లు టూర్‌లో మొదటి రెండు స్థానాల్లో ఉన్నారు. పెద్దవాడు ప్రిమోజ్ రోగ్లిచ్, ఒకప్పుడు మంచు మీద స్కీ జంప్ చేసినవాడు. చిన్నవాడు తదేయ్ పొగాచార్, ఇంకా 22 నిండలేదు. చివరికి ఒక రోజు ముందు 36.2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, ఆఖర్న లా ప్లాన్ష్ దె బెల్ ఫీయ్ కొండ. రోగ్లిచ్ 57 సెకన్లు ముందు. కిలోమీటరుకి సెకన్నర పోగొట్టుకున్నా టూర్ అతనిదే. పొగాచార్ కిలోమీటరుకి మూడు సెకన్లకు పైగా లాక్కుని, 1 నిమిషం 56 సెకన్లు సంపాదించాడు. హెల్మెట్ పక్కకి ఒరిగి, ముఖం పాలిపోయి, రోగ్లిచ్ గీత దాటిన దృశ్యం ఎవరి అభిమానైనా తట్టుకోలేనిది. అతని సహచరులు తెర ముందు నోట మాట లేకుండా ఉండిపోయారు.

ఇంకోటి మహిళల రేసు నుంచి. 2024 ఆగస్టులో టూర్ డి ఫ్రాన్స్ ఫామ్ ఆల్ప్ డ్యూజ్ మీద ముగిసింది. ముందు ఏడాది విజేత డెమీ వొల్లరింగ్ అయిదో దశ చివర్లో కింద పడి నిమిషంన్నరకు పైగా పోగొట్టుకుంది. ఆఖరి కొండ మీద దశ గెలిచింది. పోలండ్ రైడర్ కాషా నీవియాడోమా వెనకాల ఒంటి సత్తువంతా పిండుకుంటూ వచ్చి, టూర్‌ని 4 సెకన్ల తేడాతో నిలబెట్టుకుంది. అంతకుముందు రెండేళ్లూ మూడో స్థానంలో ఆగిపోయిన మనిషి ఆమె. వొల్లరింగ్ పడ్డప్పుడు ఆమె జట్టువాళ్లు ఎందుకు ఆగలేదన్న వాదన ఇంకా చల్లారలేదు.

రేసులో ఇద్దరి మీద చూపు నిలిపితే మూడోవాడు ఎలా మరుగున పడతాడో 2025 మే 31న కళ్లారా చూశాం. ఇటలీలో జరిగే జిరో సైకిల్ రేసులో చివరికి ముందు రోజు. ముందు రాత్రి నేనూ మా తమ్ముడూ కాగితం మీద రాసుకున్న పేర్లు రెండే. అక్కడ అందరికంటే ముందున్నవాడు వేసుకునే గులాబీ జెర్సీలో ఉన్న 21 ఏళ్ల మెక్సికో కుర్రాడు ఇసాక్ డెల్ టోరో, అతనికి 43 సెకన్ల వెనక ఈక్వడార్ రైడర్ రిచర్డ్ కరపాజ్. మూడో గడిలో సైమన్ యేట్స్ పేరు రాయాలా వద్దా అని అనుకుని, 1 నిమిషం 21 సెకన్లు ఎక్కువేలే అని వదిలేశాం. దారిలో ఫినెస్త్రె కనుమ ఉంది. 18 కిలోమీటర్లకు పైగా ఎక్కుడు, చివరి ఎనిమిది కిలోమీటర్లు కంకరమట్టి. 2018లో ఇదే కనుమ మీద, 13 రోజులు గులాబీ జెర్సీ మోసిన యేట్స్ చితికిపోయి, 38 నిమిషాలకు పైగా పోగొట్టుకున్నాడు. ఆ రోజు 80 కిలోమీటర్ల ముందే ఒంటరిగా దూసుకుపోయి ఫ్రూమ్ ఆ జిరో ఎగరేసుకుపోయాడు.

ఏడేళ్ల తర్వాత అదే కంకర దారి మీద యేట్స్ ముందుకి వెళ్లిపోయాడు. డెల్ టోరో కరపాజ్ ముఖం చూశాడు, కరపాజ్ డెల్ టోరో ముఖం చూశాడు. నేను తరిమితే నా వెనక నువ్వు సుఖంగా వస్తావని ఇద్దరికీ అనుమానం. కనుమ దిగాక యేట్స్ సహచరుడు వౌట్ వాన్ ఆర్ట్ అతని కోసం ముందే కాచుకుని ఉన్నాడు. పొద్దున ముందు గుంపులో వెళ్లి, సరిగ్గా ఆ లోయలో తన అవసరం వస్తుందని వేసిన ఎత్తు. వాన్ ఆర్ట్ వెనక దూరి యేట్స్ గాలిలా పోయాడు. జిరోని 3 నిమిషాల 56 సెకన్ల తేడాతో గెలిచి, కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. మా ఇంట్లో రాత్రి భోజనాలు చల్లారిపోయాయి. తమ్ముడు ఆ కాగితం తీసి మూడో గడిలో యేట్స్ పేరు రాసి, గోడకి అంటించాడు. ఇంకా అక్కడే ఉంది.

ఇటలీ మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. అక్కడ బార్తాలీ, కోపీ అనే ఇద్దరు రైడర్ల మధ్య దేశం చీలిపోయిన రోజులున్నాయి. 1952 టూర్‌లో ఇద్దరూ ముందూ వెనకా పోతూ ఒక సీసా చేతులు మార్చుకుంటున్న ఫొటో ఉంది. ఎవరు ఎవరికి ఇస్తున్నారు? ఆ ఇద్దరూ పోయి దశాబ్దాలైనా ఆ వాదన మాత్రం పోలేదు.

ఖాళీగా మిగిలిన ఏడు గడులు

ఈ కథనం రాస్తూ ఒక దాన్ని దాటేసి పోలేను. 1999 నుంచి 2005 దాకా ప్రతి జులైలోనూ అభిమానులు ఒకటే మాట్లాడుకున్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్‌ని ఆపేదెవరు? ఉల్‌రిచ్ ఆపుతాడా? 2003లో తేడా 61 సెకన్లకు వచ్చినప్పుడు జర్మనీలో ఊపిరి బిగబట్టారు. 2012 అక్టోబర్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన ఏడు టూర్లూ రద్దయ్యాయి. నిషేధిత ఉత్ప్రేరకాల మోసం అంత లోతుగా పాతుకుపోయింది కాబట్టి ఆ గెలుపుల్ని ఇంకెవరికీ ఇవ్వలేదు. ఉల్‌రిచ్ కూడా చాలా ఏళ్ల తర్వాత తన తప్పు ఒప్పుకున్నాడు. విజేతల జాబితాలో ఆ ఏడు గడులు ఖాళీగా ఉన్నాయి. ఆ ఏడు వేసవుల్లో వాదించుకున్నవాళ్ల మాటలు మాత్రం అబద్ధం కాదు. వాళ్ల నమ్మకం నిజమైనదే, దాన్ని తీసుకున్నవాళ్లే మోసగించారు. ఈ రోజు ఒక రైడర్ కొండని పాత రికార్డు కంటే వేగంగా ఎక్కితే చప్పట్లతోపాటు ఒక అనుమానపు చూపు కూడా లేస్తుంది. కిలో బరువుకి ఎన్ని వాట్ల శక్తి అని అభిమానులే లెక్కగడుతున్నారు. ఆ అలవాటు ఆ గాయం నుంచి వచ్చిందే.

ఇప్పటి చర్చకి ఇంకో ఇబ్బంది ఉంది. 2022లో తన జట్టువాళ్లు ఒకరి తర్వాత ఒకరు దాడి చేసి గ్రానాన్ కనుమ మీద పొగాచార్‌ని విరిచాక, ఒకప్పుడు డెన్మార్క్‌లో చేపల ఫ్యాక్టరీలో పనిచేసిన యోనాస్ వింగెగార్ టూర్ గెలిచాడు, 2023లో మళ్లీ గెలిచాడు. అప్పుడు వాదన రంజుగా సాగింది. 2024లో పొగాచార్ 6 నిమిషాల 17 సెకన్లతో, 2025లో 4 నిమిషాల 24 సెకన్లతో గెలిచాడు. రెండుసార్లూ రెండోవాడు వింగెగారే. ఇప్పుడు రేసు ముందు అడిగే ప్రశ్న రెండో స్థానం ఎవరిది అనే. పొగాచార్ అంటే నాకు ఎంతో ఇష్టం. మూడు వారాలు చిన్నపిల్లాడిలా ఆడుకుంటూ తొక్కుతాడు. అయినా జులైలో ఆ ప్రశ్న వింటే మనసు చివుక్కుమంటుంది. 50 సెకన్ల తేడా కోసం రెండు దేశాలు నిద్రపోని రాత్రి ఇంకోటి చూడాలని ఉంది.

మనకి ఇది రాత్రి కబురు. ఫ్రాన్స్‌లో సాయంత్రం అయిదున్నరకి దశ ముగిస్తే ఇక్కడ తొమ్మిది గంటలు. భోజనాల వేళ టీవీలోనో ఫోన్‌లోనో చివరి కొండ నడుస్తుంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్‌ని 2023లో తెరిచారు. జులై ఆదివారాల్లో పొద్దున్నే అక్కడ తొక్కి, చెమట తుడుచుకుంటూ టీ తాగేవాళ్ల మధ్య నిలబడితే ఆల్ప్స్ పేర్లు వినబడతాయి. తాము ఎప్పుడూ ఎక్కని కనుమ ఎన్నో కిలోమీటరులో ఏటవాలు పెరుగుతుందో కంఠతా వచ్చినవాళ్లు ఉన్నారు అక్కడ.

మళ్లీ పుయి ద డోమ్

1975లో ఇదే కొండ మీద, ఆరో టూర్ కోసం తొక్కుతున్న ఎడీ మెర్క్స్ కడుపులో ఒక ప్రేక్షకుడు పిడికిలితో గుద్దాడు. మెర్క్స్ ఎలాగో పైకి చేరాడు. రెండు రోజుల తర్వాత ఫ్రెంచి రైడర్ బెర్నార్ తెవెనె అతని పసుపు జెర్సీ తీసుకున్నాడు. మెర్క్స్ ఒంటి మీదికి అది మళ్లీ రాలేదు. వాదన ఎంత వేడెక్కినా మాటగానే ఉండాలి. చేయి లేచిన చోట అభిమానం ఉండదు.

1988 తర్వాత రేసు ఆ కొండకి రావడం ఆగిపోయింది. పైకి చిన్న రైలు వేశారు, దాని పక్కన మిగిలిన దారి సన్నబడింది. 35 ఏళ్లకి, 2023 జులై 9న మళ్లీ వచ్చింది. ఆ రోజు దశ మొదలైంది పూలిడోర్ స్థిరపడిన ఊరు సాన్ లెయొనార్ ద నోబ్లా నుంచి. ఊరు ఊరంతా వీధుల్లో ఉంది. అతని మనవడు మాథ్యూ వాన్ డెర్ పూల్ కూడా ఆ రైడర్లలో ఒకడు. తాత 14 టూర్లలో ఒక్కరోజూ తొడుక్కోలేని పసుపు జెర్సీని ఈ మనవడు 2021లో తన మొదటి టూర్‌లోనే, రెండో రోజే వేసుకుని, ఆకాశం వైపు వేలు చూపించి వెక్కి వెక్కి ఏడ్చాడు.

సాయంత్రానికి రేసు కొండ చేరింది. దారి సన్నన, పైగా కొండకి యునెస్కో గుర్తింపు ఉంది, అందుకని చివరి నాలుగు కిలోమీటర్లలో జనాన్ని రానివ్వలేదు. అక్కడిదాకా కేకలు, జెండాలు, బూరలు. ఒక గీత దగ్గర అన్నీ తెగిపోయాయి. ఆ తర్వాత దారి ఖాళీ. 1964లో లక్షల మంది నిలబడ్డ చోట ఒక్క మనిషి లేడు. మోటార్‌సైకిల్ చప్పుడు, ఊపిరి, గొలుసు కరకర. కొనకి ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో పొగాచార్ జీను మీంచి లేచాడు. వింగెగార్ కాసేపు అంటిపెట్టుకుని ఉండి, సైకిల్ పొడవంత వెనకబడ్డాడు, ఇంకో సైకిల్ పొడవు, ఇంకొకటి. పైకి చేరేసరికి తేడా 8 సెకన్లు.

కొండ కింద ఆగిపోయిన జనం అప్పటికే లెక్క మొదలుపెట్టారు. ఆ పొద్దున పొగాచార్ కంటే వింగెగార్ ముందున్నది 25 సెకన్లు. అందులోంచి 8 తీస్తే 17. ఇంకా 12 దశలు మిగిలి ఉన్నాయి.